పెరట్లో ఒక కుర్చీ

గృహప్రవేశాలకు వెళ్ళినప్పుడు ఒక సంగతి గమనించారా? ఇంటావిడ మనల్ని గదిగదికీ తిప్పి చూపిస్తుంది. పూజగది, మాడ్యులర్ కిచెన్, హాల్లో ఫాల్స్ సీలింగు, ఆఖరికి బాత్రూములో బిగించిన గీజరు కూడా. దొడ్డి తలుపు దగ్గరకొచ్చేసరికి మాత్రం "అటు ఏమీ లేదండీ, వెనక కాస్త ఖాళీ, అంతే" అని గడియ వేసేస్తుంది. చూపించమని మనమూ అడగం. మనింట్లో ఆ తలుపు వెనక ఏముందో మనకు తెలుసు కాబట్టి.

ఇల్లు కట్టగా మిగిలి గడ్డకట్టిన అర బస్తా సిమెంటు, పగిలిన టైల్సు, పిల్లాడు ఆరో తరగతిలో తొక్కిన సైకిలు, మోటారు కాలిపోయిన కూలరు, మూత లేని ప్లాస్టిక్ డ్రమ్ము, "ఎప్పటికైనా పనికొస్తుంది" అని దాచిన పాత తలుపు. వాటి మధ్య ఎవరూ నాటకుండా మొలిచిన బొప్పాయి చెట్టొకటి. ఇంటి ముందు రోజూ కడిగి ముగ్గు పెట్టే చేతులే వెనక్కి చెత్త విసురుతాయి. మన ఊళ్ళలో సొంత ఇల్లున్న పదిళ్ళలో ఎనిమిదింటి పెరడు ఇలాగే ఉంటుందని నా అంచనా. లెక్కపెట్టి చెప్పడం లేదు, పేరంటాలకు తిరిగిన అనుభవంతో చెబుతున్నాను.

పెరడు ఇలా ఎందుకైపోయిందో ఆలోచిస్తే తప్పంతా మన బద్ధకానిది కాదనిపిస్తుంది. మా అమ్మమ్మ రోజులో సగం పెరట్లోనే ఉండేది. నుయ్యి అక్కడే, రుబ్బురోలు అక్కడే, బట్టల బండ అక్కడే, నీళ్ళు కాచే పొయ్యీ అక్కడే. అందుకని ఆవిడ సుఖపడిందనుకోకండి. చేద తోడి తోడి అరచేతులు కాయలు కాచాయి. ఆ రోజులు మళ్ళీ రావాలని కోరుకునే వాళ్ళలో నేను లేను. కుళాయి, గ్రైండరు, గ్యాసు, వాషింగ్ మెషీను వచ్చి మన నడుములు నిలబెట్టాయి. కానీ పని లోపలికి రావడంతో పాటు మనమూ లోపలికొచ్చేశాం. పని కోసమైనా అమ్మమ్మ ఆకాశం కింద ఉండేది, గోడ మీదుగా పక్కింటావిడతో కష్టసుఖాలు చెప్పుకునేది. పనులు లేని పెరట్లోకి ఊరికే వెళ్ళి కూర్చోవచ్చన్న ఊహ మనకెవరికీ రాలేదు.

మగవాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. పూర్వం వీధరుగు ఉండేది, ఇప్పుడు టీకొట్టు, కాలవ వంతెన ఉన్నాయి. సాయంత్రం చొక్కా వేసుకుని "అలా వెళ్ళొస్తా" అంటే ఎక్కడికని ఎవరూ అడగరు. మనం గడప దాటాలంటే గుడో, కూరల బజారో, ఆస్పత్రో ఏదో ఒక పేరు చెప్పాలి. ఏ పనీ లేకుండా గాలికి కూర్చోవడానికి మనకో చోటు కావాలి. అది ఇంటి వెనకే ఉంది, దాన్ని పాత సామాను ఏలుతోంది. నేను చెప్పదలచుకున్న మాట ఇదే.

మాది తెనాలి. మామయ్యగారు కట్టించిన ఇల్లు. వెనక ముప్ఫై అడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు జాగా ఉంది. కిందటేడు మావారు అక్కడ రేకుల గదొకటి వేసి అద్దెకిద్దామన్నారు. హైదరాబాదు నుంచి మా మరిదిగారు కూడా ఫోనులో "మంచి ఐడియా వదినా, ఊరికే పడి ఉంది కదా" అని వంత పాడారు. పడి ఉన్నది ఒక్క స్థలమే అయితే నేనూ ఊరుకునేదాన్ని. అత్తయ్యగారికి డెబ్భై నాలుగేళ్ళు. మోకాళ్ళు అరిగిపోయి వీధి మెట్లు దిగలేరు. ఆరు నెలల్లో ఆవిడ గడప దాటింది ఆస్పత్రికి వెళ్ళడానికే. పొద్దుటెండలో కాసేపు కూర్చోబెట్టమని డాక్టరుగారు చెప్పారు. ఎక్కడ కూర్చోబెట్టను? దొడ్డి గుమ్మానికి మాత్రం మెట్టు లేదు, నేలకు సమంగా ఉంటుంది. ఆ ఇంట్లో ఆవిడ సొంత కాళ్ళతో చేరుకోగల ఆరుబయలు అదొక్కటే.

మావారి దగ్గర మనోభావాలు పనిచేయవు, లెక్కలు పనిచేస్తాయి. అందుకని కాగితం మీద లెక్క రాశాను. గదీ, మరుగుదొడ్డీ కలిపి మూడు లక్షలు. అద్దె నెలకు నాలుగున్నర వేలు, అంటే ఏడాదికి యాభై నాలుగు వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికే అయిదున్నరేళ్ళు, అదీ ఒక్క నెలా ఖాళీ పడకపోతే. ఇక వంటింటి కిటికీ మూసుకుపోతే పగలు కూడా లైటు వేసుకోవాలి. పైగా ప్లాను పాసైనప్పుడు వెనక వదలాలని చూపించిన జాగా అది, గాలికీ వెలుతురుకీ వదిలినది. కాగితం చదివి ఆయన "సరే, ఏడాది చూద్దాం" అన్నారు. అత్తయ్యగారు మాత్రం ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న చేతికర్ర పట్టుకుని దొడ్డి గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

ఇక చేసిన పని గురించి. ముందు ఖాళీ చేయడం. ఇదే కష్టం, మిగతాదంతా సరదా. ఇనుము పాత సామాన్ల అబ్బాయి పట్టుకెళ్ళాడు. రాళ్ళూ రప్పలూ రెండు ట్రాలీ ఆటోలయ్యాయి. "పనికొస్తుంది" అన్న ప్రతి వస్తువుకూ నాది ఒకటే ప్రశ్న: గత రెండేళ్ళలో ఎప్పుడైనా పనికొచ్చిందా? పాత తలుపు ఒక్కటీ నిజంగానే పనికొచ్చింది, బల్ల చేయించాను.

దోమల భయంతో చాలామంది పెరటివైపు వెళ్ళరు. కానీ డెంగీ దోమ పెరిగేది చెట్టు మీద కాదు, నిలవున్న మంచి నీళ్ళలో. కొబ్బరి చిప్ప, పాత టైరు, కూలరు తొట్టి, కుండీ కింద పెట్టే పళ్ళెం చాలు దానికి. గుడ్డు దోమయ్యేందుకు వారం, పది రోజులు పడుతుంది. మునిసిపాలిటీ వాళ్ళు శుక్రవారం డ్రై డే అని చెప్పేది అందుకే. వారానికోసారి నీళ్ళన్నీ ఒంపేస్తే దాని సంసారం సాగదు. పాముల సంగతీ అంతే. మల్లెపొద వేస్తే పాములొస్తాయని మా తోడికోడలు బెదిరించింది. పాము పూల వాసనకు రాదు, ఎలుకల కోసం, కప్పల కోసం వస్తుంది. ఎలుకలు కాపురముండేది చెత్త కుప్పలో. కుప్ప పోతే సగం భయం పోయినట్టే.

నేల విషయంలో మా ఇంట్లో పెద్ద వాదనే జరిగింది. మేస్త్రీ మొత్తం సిమెంటు చేసేద్దామన్నాడు, "కడుక్కోవడానికి హాయమ్మా" అన్నాడు. పెరడంతా గచ్చు చేయించడం నాకు బొత్తిగా నచ్చని పద్ధతి. వానకు చుక్క నీరు ఇంకదు, ఎండకు పెనంలా కాలుతుంది, రాత్రి దాకా ఆ వేడి ఇంట్లోకి కొడుతూనే ఉంటుంది. బోరులో నీళ్ళు అడుగంటాయని మళ్ళీ మనమే ఏడుస్తాం. మూడో వంతు మాత్రమే బండలు పరిపించాను, అదీ సిమెంటు లేకుండా, రెండంగుళాల ఇసుక మీద, సందుల్లో ఇసుక కూరి. మిగతాదంతా మట్టి. బండలకు నాలుగడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు పెట్టించాను, గోడవైపు కాదు, మొక్కలవైపు. ఈ ముక్క మేస్త్రీకి ముందే చెప్పండి, తరవాత చెబితే వినడు. నల్లటి కడప బండ ఎండలో కాళ్ళు కాలుస్తుంది, ఆరుబయట బూడిదరంగు బండ మేలు. నున్నగా పాలిష్ చేసినవి అసలొద్దు. పెద్దవాళ్ళున్న ఇంట్లో తడికి జారితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇంకోటి. సెప్టిక్ ట్యాంకు చాలా ఇళ్ళకు పెరట్లోనే ఉంటుంది. దాని మూత మీద బండలు పరిచేసి, ఎక్కడుందో మరిచిపోయి, నాలుగేళ్ళ తరవాత నేలంతా తవ్వించిన వాళ్ళను నేనెరుగుదును. మూత మీద కదిలించడానికి వీలైన కుండీలు పెట్టుకోండి, చెట్లు మాత్రం దూరంగా వేయండి.

చెట్లంటే అందరికీ ఆశే. ఈ చిన్న జాగాలో మామిడి, వేప వేస్తే పదేళ్ళకు గోడ పగులుతుంది. కరివేపాకు, నిమ్మ, జామ చాలు. మునగ పెరట్లో ఉండాలని మావారి కోరిక. అది గాలికి విరుగుతుంది, వానాకాలంలో గొంగళిపురుగులు పడతాయి, కూర్చునే చోటికి పనికిరాదు. ఆ మూలకు వేసుకోమన్నాను. బట్టలుతికిన నీళ్ళు పోయేచోట రెండు అరటి పిలకలు పెట్టాను, ఎన్ని నీళ్ళయినా తాగుతాయవి. మా పెరడు పడమటివైపు, కాబట్టి సాయంత్రం అయిదైనా ఎండ మొహాన కొడుతుంది. ఇనుప గొట్టాలతో పందిరి వేయించి రాధామనోహరం పాకించాను. అది అల్లుకునేదాకా మొదటి వేసవికి ఆకుపచ్చ షేడ్‌నెట్ కట్టాం. ఒక పక్క చిక్కుడు పాదు. ఈసారి రథసప్తమికి రథం చేసిన చిక్కుడుకాయలూ, పరమాన్నం పెట్టిన చిక్కుడాకులూ మా పందిరివే. ఆ రోజు అత్తయ్యగారు రథానికి పుల్లలు గుచ్చుతుంటే ఆవిడ వేళ్ళు వణకలేదు. నాకు అలా అనిపించిందో, నిజమో గానీ.

మల్లెకు సంక్రాంతి ముందు నీళ్ళు మానేసి, ఆకు దూసి కత్తిరించాలి. తెలియని వాళ్ళు చూసి అయ్యో అంటారు, ఎండాకాలం మొగ్గలు చూసి మాట మార్చుకుంటారు. సాయంత్రం కూర్చునే చోట చంద్రకాంత వేయండి. మనం పనులు తెమిలి వచ్చే వేళకే అది విచ్చుకుంటుంది. ఎర్ర గన్నేరు అందమే గానీ విషం, నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే వద్దు.

అసలైన వస్తువు కుర్చీ. ఫోనులో వీడియోలు చూసి చాలామంది మొదలుపెట్టేది ప్లాస్టిక్ గడ్డి, రంగు లైట్లు, ఊగే బుట్ట ఉయ్యాల. ప్లాస్టిక్ గడ్డి మన ఎండకు అట్టపెనంలా మాడుతుంది. ఉయ్యాల బాగుంటుంది గానీ మోకాళ్ళ నొప్పులవాళ్ళు అందులోంచి లేవలేరు. మోకాలి ఎత్తుకు కాస్త పైన ఉండే గట్టి కుర్చీ, రెండు చేతులూ ఆనించి లేవడానికి కొయ్యలు ఉండాలి. అలాంటిది అత్తయ్యగారికి ఒకటి, నాకు ఒకటి కొన్నాను. గోడ పక్కన ఇటుకలతో చిన్న అరుగు కట్టించాను, ఎవరైనా వస్తే కూర్చోవడానికి. అన్నీ కలిపి ఇరవై రెండు వేలు అయ్యాయి, అందులో పందిరికే తొమ్మిది వేలు. ఒకేసారి పెట్టక్కర్లేదు. ఖాళీ చేసి ఒక కుర్చీ వేసుకోవడానికి ట్రాలీ ఆటో డబ్బులు చాలు.

"కూర్చోవడానికి ఇంత హడావిడా?" అని మా ఆడపడుచు నవ్వింది. ఇదే మాట మగవాళ్ళు అంటే ఊరుకునేదాన్ని కాదు. ఆడవాళ్ళం మనమే మన కూర్చోవడాన్ని తప్పు పనిలా చూస్తాం. ఊరికే కూర్చున్నప్పుడు ఎవరైనా వస్తే గబుక్కున చాటలో బియ్యం పోసుకుంటాం, పని చేస్తున్నట్టు కనబడాలని. ఇంటికోసం సోఫా కొంటే ఎవరూ లెక్క అడగరు. అందులో పడుకుని క్రికెట్ చూసేది ఎవరో మీకూ తెలుసు.

గోడవతల పిన్నిగారు ఇప్పుడు రోజూ అయిదున్నరకు పలకరిస్తారు. ఆవిడా అత్తయ్యగారూ ముప్ఫై ఏళ్ళుగా పక్కపక్క ఇళ్ళలోనే ఉన్నా, పోయిన అయిదారేళ్ళలో పెళ్ళిళ్ళలో తప్ప మాట్లాడుకోలేదట. ఇప్పుడు ఆ గోడ మీద నుంచి కూర గిన్నెలు అటూ ఇటూ నడుస్తున్నాయి. ఎవరికి ఏ మాత్ర పడిందో, పడలేదో కూడా అక్కడే తేలుతోంది.

మావారు పెట్టిన ఏడాది గడువు వచ్చే కార్తీకంతో తీరుతుంది. గది మాట మళ్ళీ ఎత్తలేదు, వదిలేశాననీ అనలేదు. నేనూ అడగడం లేదు. క్షీరాబ్ది ద్వాదశికి తులసికోట దగ్గర ఉసిరికొమ్మ పెట్టి, పిన్నిగారి ఇంటివాళ్ళనూ, మరిదిగారి కుటుంబాన్నీ భోజనానికి పిలుద్దామనుకుంటున్నాను. పందిరి కింద విస్తళ్ళు వేసి వడ్డించాక గది గురించి ఎవరైనా మాట్లాడదలిస్తే మాట్లాడుకోవచ్చు.

ఒక చిక్కు మాత్రం వచ్చింది, ముందే చెబుతున్నాను, మీరూ జాగ్రత్తపడండి. పెరడు బాగుపడ్డాక ఇంట్లో అందరికీ అక్కడే కాఫీ కావాలి. "ఏవోయ్, ఇక్కడికి తెచ్చిపెట్టు" అని మావారు, "అమ్మా, నాకూ" అని పిల్లాడు. వారం రోజులు వంటింటికీ పెరటికీ మధ్య తిరిగాను. ఎనిమిదో రోజు ఫ్లాస్కు నింపి, గ్లాసులు వంటింటి గట్టు మీద బోర్లించి, నేను వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను. పెరట్లోకొచ్చేవాళ్ళు ఎవరి గ్లాసు వాళ్ళే తెచ్చుకోవాలి, తాగాక కడిగి పెట్టాలి. అత్తయ్యగారి గ్లాసు ఒక్కటే నేను తెస్తాను. మొన్న అదీ మావారే తెచ్చారు.