ఏదొచ్చినా గ్యాసేనా?

మన ఆడవాళ్ళకి మెడ కింద నుంచి నడుము పైదాకా ఏ బాధ వచ్చినా ఇంట్లో దానికి ఒకటే పేరు. గుండెల్లో మంటా? గ్యాస్. గొంతులోకి పుల్లనీళ్ళు తన్నుకొస్తున్నాయా? గ్యాస్. ముద్ద దిగడం లేదా? అదీ గ్యాసే. వీధి చివర మెడికల్ షాపు నుంచి ఒక షీటు మాత్రలు తెచ్చి పడేస్తే ఇంట్లోవాళ్ళ బాధ్యత తీరిపోయినట్టే.

బి.ఏ.లో తెలుగు చదువుకున్నదాన్ని కదా, నాకు మాటల పట్టింపు కాస్త ఎక్కువ. మా అమ్మమ్మకి కడుపుబ్బరం వేరు, పులితేన్పులు వేరు, అజీర్తి వేరు, పైత్యం వేరు. ఎక్కడ ఏమవుతోందో ఆ మాటే చెప్పేది. ఇప్పుడు అవన్నీ పోయి ఒక్క ఇంగ్లీషు ముక్క మిగిలింది. పేరు ఒకటైపోయాక మందూ ఒకటే అయిపోయింది.

నిజానికి ఛాతీలో మంటకి గాలితో పెద్ద పని లేదు. అన్నవాహిక వెళ్ళి పొట్టలో కలిసేచోట ఒక కండరం ఉంటుంది, సంచి మూతికి బిగించిన తాడులాగా. ముద్ద దిగేటప్పుడు వదులై, దిగాక బిగుసుకోవాలి. అది అవసరం లేనప్పుడు వదులైతే పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే పొర పొట్టకి ఉంది, అన్నవాహికకి లేదు. అందుకే ఆ మంట. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల ఆ కండరం సడలుతుంది, పైగా బిడ్డ బరువు. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగినా, హయాటస్ హెర్నియా ఉన్నా ఇదే గొడవ.

ఇక సలహాలు చూడండి. "కారం తగ్గించుకో" అంటారు. కూరలో కారం ఎంత పడాలో నిర్ణయించేది మన పొట్టా, ఇంటాయన నాలుకా? సరే, కారం సంగతి వదిలేయండి. అది అందరికీ పడకపోవడమూ లేదు. గడియారం సంగతి ఎవరూ ఎత్తరేం? తిన్నాక పడుకోవడానికి రెండు మూడు గంటల వ్యవధి ఉండాలని ప్రతి డాక్టరూ చెబుతాడు. అందరికీ వడ్డించి, పదింటికి కూర్చుని, పారేయలేక గిన్నెలో మిగిలిందంతా తిని, వంటగది సర్ది, పదిన్నరకి నడుం వాల్చే ఇల్లాలికి ఆ మూడు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? పొద్దున్న చూస్తే ఖాళీ కడుపు మీద రెండు కాఫీలు, పదకొండింటికి చల్లారిన టిఫిను. తలగడలు రెండు వేసుకుంటే మెడ నొప్పి తప్ప లాభం లేదట. మంచం తలవైపు కోళ్ళ కింద ఆరంగుళాల ఎత్తు పెట్టాలి, ఎడమవైపు తిరిగి పడుకోవాలి.

మాత్ర చెడ్డదని నేననను. పాంటాప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి మంచి మందులే, కొందరికి ఏళ్ళ తరబడి అవసరం కూడా. కానీ వాటిని పొద్దున్న తిండికి అరగంట ముందు వేసుకోవాలి. మనం రాత్రి మంట పుట్టాక వేసుకుంటాం! ఎన్నాళ్ళు వాడాలో చెప్పాల్సింది డాక్టరు. ఏళ్ళ తరబడి వాడితే కొందరిలో బి12 తగ్గుతుంది, అదీ ఎవరో ఒకరు చూసుకుంటూ ఉండాలి.

మా పిన్ని రెండేళ్ళు ఆ మాత్రలే మింగింది. ముందు అన్నం అడ్డం పడేది, తర్వాత మంచినీళ్ళు కూడా. ప్రతి ముద్దా మజ్జిగతో జారవిడుచుకునేది. పది కిలోలు తగ్గితే చుట్టాలు "సన్నబడ్డావే, బాగున్నావు" అన్నారు! చివరికి ఎండోస్కోపీ, ఆ తర్వాత మానోమెట్రీ అనే పరీక్ష చేస్తే ఎకలేసియా అని తేలింది. ఆ కండరం వదులు కావడం కాదు, అసలు వదలడమే మానేసింది. ఆమ్లం తగ్గించే మాత్రకి దాంతో సంబంధమే లేదు. పొట్ట కోయకుండా, నోట్లోంచి గొట్టం పంపి లోపలే ఆ కండరాన్ని కోసే పద్ధతి ఉంది, పోయెమ్ అంటారు. హైదరాబాదులోనే చేశారు. ఇప్పుడు ఆవకాయన్నం తింటోంది.

ఇంకో భయమూ ఉంది. ఆడవాళ్ళకి గుండెపోటు ప్రతిసారీ సినిమాలోలాగా గుండె పట్టుకుని కూలబడేలా రాదు. పొట్ట పైభాగంలో మంట, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, ఆయాసం, చల్లటి చెమట... ఇలా కూడా వస్తుంది. సోడా తాగితే తేన్పొచ్చి తేలికైందని అది గుండె కాదనుకోవడానికి వీల్లేదు. అప్పటికప్పుడు వెళ్ళి ఈసీజీ తీయించుకోవాలి.

మింగడం కష్టమైనా, బరువు తగ్గుతున్నా, రక్తం తక్కువైనా, వాంతిలో నెత్తురు పడినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా ఎండోస్కోపీ అడగండి. అందులో ఏమీ కనబడకపోయినా మంట అబద్ధమని కాదు, ఇరవై నాలుగు గంటలు ఆమ్లాన్ని కొలిచే పరీక్ష వేరే ఉంది. ఏళ్ళ తరబడి ఆమ్లం తగిలితే అన్నవాహిక లోపలి పొరే మారిపోవచ్చు. దాన్ని బారెట్స్ అంటారు, కొద్దిమందిలో అది క్యాన్సర్ దాకా పోతుంది.

మా ఇంట్లో ఇప్పుడు రాత్రి ఏడున్నరకి నా కంచం కూడా పడుతుంది. తొమ్మిదింటికి వచ్చేవాళ్ళ కోసం గిన్నెల మీద మూతలు పెట్టి ఉంచుతున్నాను. వడ్డించుకోవడం వాళ్ళకీ వచ్చు.