ఇంటర్‌కు ముందు ఎనిమిదో తరగతి పుస్తకం

ధర్మవరం నుంచి పెనుకొండ మీదుగా హిందూపురానికి 90 కిలోమీటర్ల దారి అనుకుందాం. బస్సు ఒకే వేగంతో పోతోంది. గంటకు ఇంకో 15 కిలోమీటర్లు వేగం పెంచితే అరగంట ముందే చేరుతుంది. అసలు వేగమెంత?

పదో తరగతిలో వర్గ సమీకరణాలు చదివినవారికి ఈ తరహా లెక్క కొత్తది కాదు. మార్చిలో పబ్లిక్ పరీక్షకు ముందు ఇలాంటివి పదీ ఇరవై చేసే ఉంటారు. మే నెలాఖరులో, పుస్తకం అటకెక్కాక, అదే విద్యార్థికి ఈ లెక్క ఇచ్చి కలం ఎక్కడ ఆగుతుందో చూడాలి. వేగాన్ని ఎక్స్ అనుకోవడం దగ్గర ఆగదు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందన్నదీ గుర్తుంటుంది. '90 బై ఎక్స్' లోంచి '90 బై ఎక్స్ ప్లస్ 15' తీసేస్తే అర అని సమీకరణం కూడా రాసేస్తారు. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. హారంలో అక్షరాలున్న రెండు భిన్నాలకు ఉమ్మడి హారం తేవాలి. బ్రాకెట్ బయట ఉన్న 90ని లోపలి రెండు పదాలకూ పంచాలి. అడ్డగుణకారం చేయాలి. గుణిస్తే 2700, తేడా 15 వచ్చే రెండు సంఖ్యలు వెతకాలి. అవి 60, 45. వేగం మైనస్ 60 కాలేదు కాబట్టి జవాబు గంటకు 45 కిలోమీటర్లు. రెండు గంటల ప్రయాణం, వేగం 60 అయితే గంటన్నరలో ముగుస్తుంది. సరిపోయింది.

ఇందులో పదో తరగతి పాఠం చివరి మెట్టు మాత్రమే. మిగతావన్నీ ఏడు, ఎనిమిది తరగతుల పాఠాలు. బ్రాకెట్ విప్పేటప్పుడు 90ని ఎక్స్‌కు పంచి 15కు పంచడం మరిచిపోతే లవంలో 1350 బదులు వట్టి 15 మిగులుతుంది. అక్కడి నుంచి ప్రతి మెట్టూ తప్పు లేకుండా చేసినా బస్సు వేగం గంటకు రెండు కిలోమీటర్లు కూడా రాదు. వర్గ సమీకరణం వచ్చిన పిల్లలే ఆ ప్రశ్నలో మార్కులు పోగొట్టుకుంటారు. 'మా వాడికి లెక్కలు రావు' అని ఇంట్లో తేల్చేస్తారు. వాడికి రానిది లెక్కలు కాదు, ఎనిమిదో తరగతిలో వచ్చిన ఒక బ్రాకెట్.

పదో తరగతి పరీక్షలు ముగిసిన రోజుకూ జూనియర్ కాలేజీ తెరిచే జూన్ మొదటి వారానికీ మధ్య సుమారు రెండు నెలలు ఉంటాయి. ఈ రెండు నెలలూ పిల్లల పేరు ఏ ఉపాధ్యాయుడి హాజరు పట్టీలోనూ ఉండదు. బడి వదిలేసింది, కాలేజీ ఇంకా చేర్చుకోలేదు. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్లలో పిల్లలు పనికి చేయందిస్తారు. హిందూపురం చుట్టుపక్కల కొందరు పెద్దవాళ్లతో బెంగళూరు పనులకు వెళ్తారు. మిగిలినవారికి పెళ్లిళ్లు, జాతరలు, ఫోను. స్తోమత ఉన్న తల్లిదండ్రులు ఇంకో దారి పడతారు. ఏప్రిల్‌లోనే ఏదో ఒక ప్రైవేటు కాలేజీలో అడ్మిషన్ తీసుకుని బ్రిడ్జి కోర్సు పేరిట క్లాసులకు పంపిస్తారు. వేసవి సెలవుల్లో తరగతులు పెట్టొద్దని ఇంటర్ బోర్డు హెచ్చరిస్తూనే ఉంటుంది. తరగతులు జరుగుతూనే ఉంటాయి.

బ్రిడ్జి అంటే వంతెన. అవతలి గట్టుతో పాటు ఇవతలి గట్టు మీదా దానికి కాలు ఉండాలి. చాలాచోట్ల జరిగేది ఇంటర్ సిలబస్‌ను రెండు నెలల ముందుగా మొదలుపెట్టడం. త్రికోణమితి సూత్రాల పట్టిక మొదటి వారంలోనే చేతికిస్తారు. లిమిట్లు, డెరివేటివ్‌లు మే నెలలోనే వినిపిస్తాయి. పక్కింటి అమ్మాయి అప్పుడే డిఫరెన్షియేషన్ చేస్తోందట అని ఇంకో ఇంట్లో గుబులు పుడుతుంది. ఆ గుబులుకు ఆధారం లేదు. ఇంటర్ లెక్కల్లో ఎంపీసీ పిల్లలను పడగొట్టేది ఇంటర్ పాఠం తక్కువ, బీజగణితం ఎక్కువ. అందుకే ఈ వేసవి ముందుకు పరిగెత్తడానికి కాదు, రెండు తరగతులు వెనక్కి వెళ్లడానికి వాడుకోవాలి.

ఒక ఉదాహరణ చూస్తే సంగతి తేటపడుతుంది. ఇంటర్‌లో వృత్తం పాఠం వస్తుంది. ఎక్స్ స్క్వేర్ ప్లస్ వై స్క్వేర్ మైనస్ 6 ఎక్స్ ప్లస్ 4 వై మైనస్ 12 ఈక్వల్ టు సున్నా అని ఇచ్చి, కేంద్రం, వ్యాసార్ధం అడుగుతారు. ఎక్స్ పదాలను ఒక జట్టుగా, వై పదాలను ఒక జట్టుగా పెట్టి, మొదటి జట్టుకు 9, రెండో జట్టుకు 4 కలిపితే రెండూ హోల్ స్క్వేర్లవుతాయి. కుడివైపు 12, 9, 4 కలిసి 25 అవుతుంది. కేంద్రం (3, –2), వ్యాసార్ధం 5. ఇందులో వృత్తం గురించి కొత్తగా తెలియాల్సింది ఒక్క ముక్కే. మిగతాదంతా వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి.

ఆ పద్ధతికి ఇటీవల ఒక అన్యాయం జరిగింది. కోవిడ్ తర్వాత పిల్లల మీద భారం తగ్గించాలని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలను కుదించింది. అప్పుడు పదో తరగతి లెక్కల పుస్తకం నుంచి వర్గాన్ని పూర్తిచేసి సమీకరణం సాధించే భాగాన్ని తీసేసింది. బహుపదుల భాగహారం, రేఖీయ సమీకరణాల జతను అడ్డగుణకార పద్ధతిలో సాధించడం కూడా ఆ కోతలోనే పోయాయి. మన రాష్ట్రంలోనూ పదో తరగతికి ఇప్పుడు ఎన్‌సీఈఆర్‌టీ పాఠాలే. 2025-26 నుంచి ఇంటర్‌కూ అవే వచ్చాయి. పదిలో తీసేసిన పని ఇంటర్‌లో చెప్పకుండా ఎదురవుతుంది. లెక్చరర్ 'ఇది మీకు తెలిసిందే' అంటూ ఒక్క గీతలో దాటేస్తారు. వెనక బెంచీలో పిల్లవాడు తనకొక్కడికే తెలియదేమో అనుకుని నోరు విప్పడు. వేసవిలో బీజగణితం తిరగేసేవారు పరీక్షకు చదివిన పాఠాలతో పాటు పుస్తకంలోంచి పోయిన ఈ ముక్కలను కూడా పట్టుకోవాలి. పాత పుస్తకం అక్కయ్య దగ్గరో పక్కింటి అన్న దగ్గరో ఇంకా దొరుకుతుంది.

మరచిపోవడం గురించి పరిశోధకులు చాలానే రాశారు. హారిస్ కూపర్, ఆయన సహచరులు 1996లో 39 అధ్యయనాలను పరిశీలించి, అమెరికా పిల్లలు వేసవిలో సగటున సుమారు నెల రోజుల చదువు నష్టపోతారనీ, చదవడం కంటే లెక్కలు చేయడంలోనే ఆ నష్టం ఎక్కువనీ తేల్చారు. ఆ నష్టం నిజంగా అంత ఉంటుందా అని పాల్ వాన్ హిప్పెల్ వంటివారు తర్వాత ప్రశ్నించారు. పరీక్ష పెట్టే తీరు మారితే ఫలితం మారుతోందని చూపించారు. ఆ వాదం ఎటు తేలినా ఇక్కడి సమస్య తేలిక కాదు. ఎందుకంటే మన పిల్లల్లో చాలామంది వేసవిలో మరిచిపోయేది కొంతే. ఎనిమిదిలో అసలు సరిగా కూర్చోనిది ఎక్కువ. 14 నుంచి 18 ఏళ్ల గ్రామీణ యువత మీద జరిపిన 2023 అసర్ సర్వేలో, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవారు 43 శాతం చిల్లరే. భాగహారమే తడబడే చేతికి అక్షరాలున్న భిన్నం ఎలా లొంగుతుంది?

ఇది పేదల బడులకే, వెనకబడిన జిల్లాలకే పరిమితమైన సంగతీ కాదు. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2025 నవంబరులో ఒక నివేదిక బయటపెట్టింది. అక్కడ చేరిన కొత్త విద్యార్థుల్లో ఎనిమిదిమందికి ఒకరి లెక్కల స్థాయి హైస్కూలు ప్రమాణానికి కింద ఉంది. వారికోసం పెట్టిన తరగతిలో 7 ప్లస్ 2 ఈక్వల్ టు ఖాళీ ప్లస్ 6 అని ఇస్తే నాలుగో వంతు మంది తప్పు రాశారు. జవాబు 3. కూడిక రానందువల్ల వచ్చిన తప్పు కాదది. సమానం గుర్తు కనిపిస్తే 'ఇక్కడ జవాబు రాయాలి' అని చిన్నప్పుడు పడిన అలవాటు పోకపోవడం. రెండు వైపులా ఒకే విలువ ఉందని ఆ గుర్తు చెబుతుంది. సమీకరణాలన్నీ నిలబడేది ఆ ఒక్క మాట మీదే. 'అవతలికి పోతే ప్లస్ మైనస్ అవుతుంది' అని మంత్రంలా నేర్చిన పిల్లలకు ఎందుకవుతుందో ఎవరూ చెప్పలేదు. రెండు వైపులా ఒకే సంఖ్య తీసేశామని ఒక్కసారి రాసి చూపిస్తే మంత్రంతో పని తీరిపోతుంది.

తప్పును తనంతట తాను పట్టుకునే ఉపాయం ఒకటి ప్రతి పిల్లకూ నేర్పాలి. అనుమానం వచ్చిన చోట అక్షరం బదులు అంకె వేసి చూడటం. ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ అంటే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసినవారు 10, 7 వేసి చూడాలి. 17 వర్గం 289. తాము రాసినది 149 ఇస్తుంది. మధ్యలో పోయిన 140 రెండు ఎ బి. ఎక్స్ ప్లస్ 6 బై ఎక్స్ ప్లస్ 3 లో పైనా కిందా ఎక్స్ కొట్టేసి 2 అని రాసేవారు ఎక్స్‌కు 3 వేస్తే 9 బై 6, అంటే ఒకటిన్నర వస్తుంది. మాస్టారు లేని రెండు నెలల్లో తప్పొప్పులు చెప్పే మాస్టారు ఈ అంకెలే. ట్యూషన్ ఫీజు కట్టలేని ఇంటికి ఇంతకన్నా అక్కరకొచ్చే పద్ధతి లేదు.

ఎలా చదవాలన్న దానిపైనా గట్టి ఆధారం ఉంది. డగ్ రోరర్ బృందం అమెరికాలోని ఫ్లోరిడాలో 54 ఏడో తరగతి సెక్షన్ల మీద ప్రయోగం చేసి 2020లో ఫలితాలు ప్రచురించింది. కొన్ని సెక్షన్లకు ఒకే రకం లెక్కలు వరసగా ఇచ్చారు. మిగతావాటికి అవే లెక్కలు రకరకాలుగా కలిపి ఇచ్చారు. నెల తర్వాత చెప్పకుండా పరీక్ష పెడితే కలిపి చేసినవారికి 61 శాతం, వరసగా చేసినవారికి 38 శాతం వచ్చాయి. కారణం ఊహించడం కష్టం కాదు. అభ్యాసంలో అన్నీ ఒకే రకం ఉంటే ఏ పద్ధతి వాడాలో ఆలోచించే పనే ఉండదు. పరీక్షలో లెక్క మీద అభ్యాసం పేరు రాసి ఉండదు. కాబట్టి రోజుకు ముప్పావు గంట చాలు. ఒక కారణాంక విభజన, ఒక భిన్నం, ఒక ఘాతాంకం, రెండు సమీకరణాలు, నిన్న తప్పిన లెక్క మళ్లీ ఒకసారి. ఆదివారం వదిలేయవచ్చు. వరసగా ఆరు గంటలు కూర్చోబెట్టే క్లాసు కంటే ఇది ఎక్కువ నిలుస్తుంది.

ఇంటర్‌కు వెళ్లని పిల్లలకూ ఇదే మాట. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టాక ఈ ప్రాంతంలో డిప్లొమా చదువుల మీద ఆశ పెరగడం సహజం. డిప్లొమా ప్రవేశ పరీక్ష పాలిసెట్‌లో ప్రశ్నలు 120, అన్నింటికన్నా పెద్ద వాటా లెక్కలదే. సీటు వచ్చాక మొదటి ఏడాది లెక్కల్లో పాక్షిక భిన్నాలు ఎదురవుతాయి. కారణాంకాలు రానివారికి ఆ పాఠం మొదటి పంక్తి దాటదు. ఇంటర్ వైపు వెళ్లినవారికి చివర్లో ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ ఉంటుంది. 160 ప్రశ్నల్లో 80 లెక్కలవి. ప్రశ్నకు నిమిషం పైచిలుకు. గుర్తు తప్పి వెనక్కి వెళ్లి వెతుక్కునే తీరిక అక్కడ దొరకదు.

లెక్కలను తెలుగులో చదవడం మనకు కొత్త కాదు. జైన గణిత పండితుడు మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో గణితసారసంగ్రహం రాశాడు. రుణసంఖ్యకు వర్గమూలం లేదని అందులో తేల్చి చెప్పాడు. ఆ లేని మూలానికే కొత్త సంఖ్యను సృష్టించుకుని సంకీర్ణ సంఖ్యలన్నారు తర్వాతివాళ్లు. ఇంటర్ పిల్లలు చదివేది వాటినే. ఆ సంస్కృత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కను సొంత భాషలో చదువుకునే హక్కు మన దగ్గర అంత పాతది. ఇంగ్లీషు మీడియంలో చదివే పిల్లలు కూడా ద్విభాషా పుస్తకంలోని తెలుగు పేజీని సిగ్గుపడకుండా చదవాలి. ఫ్యాక్టరైజేషన్ అన్న మాట దగ్గర ఆగిన బుర్ర కారణాంక విభజన దగ్గర కదలవచ్చు.

ఇళ్ల మీదే వదిలేస్తే ఈ పని చదువుకున్న తల్లిదండ్రుల ఇళ్లలోనే జరుగుతుంది. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలలో ఒక్కో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ఒక్కో గదిని ఏప్రిల్ రెండో వారం నుంచి మే నెలాఖరు దాకా తెరిచి ఉంచాలి. ఎండ ముదరకముందే, ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు. పది రాసిన ఎవరైనా రావచ్చు, ఏ బడిలో చదివారన్న పట్టింపు ఉండకూడదు. మొదటి రోజు ఇరవై ప్రశ్నల పరీక్ష, అన్నీ ఎనిమిదో తరగతివే. మార్కుల కోసం కాదు, ఎవరికి ఏ ముక్క అందలేదో తెలియడానికి. సెలవుల్లో పనిచేసిన ఉపాధ్యాయులకు సంపాదిత సెలవులు జమచేసే పద్ధతి ఎటూ ఉంది, కొత్త జీవో కోసం కాచుకోనక్కర్లేదు. జూనియర్ లెక్చరర్లు వారానికి ఒక ఉదయం వచ్చి కూర్చుంటే జూన్‌లో తమ ముందుకు రాబోయేవారు ఎక్కడ ఆగిపోయారో వారికీ తెలుస్తుంది. జిల్లా విద్యాశాఖ సమకూర్చాల్సింది ఊరికో ఉపాధ్యాయుడు, గదికి తాళంచెవి, తాగునీరు, సుద్దముక్కలు, ఒక కట్ట పాత ఎనిమిదో తరగతి పుస్తకాలు.