నలభై ఏళ్లకు కుంచె పట్టుకుంటే తప్పేముంది?



పేరెంట్స్ మీటింగ్ రోజు ఇంగ్లీషు టీచర్‌ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. “మేడమ్, మావాడు గ్రామర్ బాగా రాస్తాడు, మార్కులూ వస్తాయి. కానీ నోరు తెరిచి రెండు ముక్కలు మాట్లాడడు. ఏం చేయాలి?” ఆదోనిలో అయినా, ఎమ్మిగనూరులో అయినా ఈ ప్రశ్నలో తేడా ఉండదు. మన పిల్లల్లో చాలామంది ఇంట్లో ఒక భాష, వీధిలో ఇంకో భాష, బడిలో ఇంగ్లీషు వింటూ పెరుగుతున్నారు. తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ కలిసి వినిపించే ఊళ్లు మనవి. ఇన్ని భాషల్లో నెగ్గుకొచ్చే పిల్లలకు తెలివి తక్కువేమీ లేదు. తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారన్న భయం ఒక్కటే వాళ్ల నోరు కట్టేస్తోంది.

ఆ భయం పోవడానికి నేను చెప్పే మందు మీకు వింతగా అనిపించవచ్చు. ఈ ఏడాది మీరు ఆయిల్ పెయింటింగ్ నేర్చుకోండి. మీ అబ్బాయో అమ్మాయో కాదు, మీరు.

కారణం చెప్తాను. పిల్లలు మనల్ని ఎప్పుడూ అన్నీ వచ్చినవాళ్లుగానే చూస్తారు. నాన్న పత్తి చేత్తో పట్టుకుని నాణ్యత చెప్పేస్తాడు. అమ్మ కొలత చూడకుండా ఉప్పు వేస్తుంది. టీచర్‌కు స్పెల్లింగ్ అన్నీ వచ్చు. ఇవన్నీ మనం ఎన్నేళ్లు తడబడి నేర్చుకున్నామో వాళ్లు చూడలేదు. అందుకే తడబడటం చిన్నపిల్లల జబ్బు అనీ, పెద్దయ్యేలోగా దాన్ని ఎలాగైనా దాచిపెట్టాలనీ అనుకుంటారు. రానిదాన్ని సిగ్గుపడకుండా నేర్చుకునే పెద్దమనిషి ఒకరైనా ఇంట్లో కనబడితే ఆ అభిప్రాయం మారుతుంది.

నేను 27వ ఏట ఆయిల్ కలర్స్ మొదలుపెట్టాను. అంతకుముందు బొమ్మలతో నా పరిచయమల్లా బీఎడ్‌లో టీచింగ్ ఎయిడ్స్ కోసం చార్టుల మీద గీసినంతే. ఇప్పుడు ఆదివారాలు ఆదోని కొండను వేస్తున్నాను. రోజూ చూసే బండరాళ్లే. కుంచె పట్టుకునే దాకా అవి బూడిద రంగులో ఉంటాయనే అనుకునేదాన్ని. కూర్చుని చూస్తే పొద్దున ఎండలో పసుపు, నీడలో ఊదా, సాయంత్రం ఇటుక రంగు. సగం అయిన ఆ బొమ్మను ఒకరోజు ఏడో తరగతికి తీసుకెళ్లి, తర్వాత ఏం చేయాలో ఇంగ్లీషులో చెప్పమన్నాను. ఎప్పుడూ చివరి బెంచీలో మౌనంగా కూర్చునే పిల్లలు లేచి, ఏ రాయికి నీడ చాలలేదో, ఆకాశం ఎక్కడ ఎక్కువైందో చెప్పారు. వాక్యాలు అన్నీ సరిగ్గా లేవు. కానీ మాట్లాడారు. టీచర్ కూడా నేర్చుకుంటున్న మనిషే అని కళ్లతో చూశాక వాళ్ల నోరు విడింది.

ఇక ఆయిల్ పెయింటింగే ఎందుకు? అది కొత్తవాళ్లను కనికరించే విద్య. వాటర్ కలర్ గబగబా ఆరిపోతుంది, పడిన మరకను తీయడం కష్టం. ఆయిల్ రంగు అలా కాదు. అందులో ఉండేది అవిసె నూనె. అది నీళ్లలా ఆవిరై ఆరదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. పైపొర చేతికి అంటకుండా ఉండటానికే కొన్ని రోజులు పడుతుంది. మందంగా వేస్తే వారాలు. లోపలి దాకా ఆరి వార్నిష్ వేయడానికి ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటారు. ఈలోగా నచ్చని చోట చాకుతో గీకేసి మళ్లీ వేసుకోవచ్చు. సంసారం, ఉద్యోగం ఉన్నవాళ్లకు ఇది ఎంత వీలో ఆలోచించండి. ఇవాళ అరగంట వేసి, ఎల్లుండి వచ్చి కూర్చున్నా రంగు ఇంకా మీ మాట వింటుంది.

పైగా ఈ విద్యలో మనకు తెలియనిది తక్కువ. కాన్వాస్ అంటే ముఖ్యంగా నూలు గుడ్డ, లేదా నార గుడ్డ. పత్తికి పెద్ద మార్కెట్ మన ఆదోని. 1938లో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టి వేలమందికి పని చూపిన ఊరు ఎమ్మిగనూరు. మగ్గం ఎక్కే ముందు పడుగుకు గంజి ఎందుకు పట్టిస్తారో మీలో చాలామందికి తెలుసు. కాన్వాస్‌కూ అలాంటి పనే ఉంది. గుడ్డ మీద నేరుగా నూనె పడితే కాలక్రమంలో గుడ్డ పాడవుతుంది. అందుకే ముందు జెస్సో అనే తెల్లటి పూత వేస్తారు. రంగుల విషయంలో పెద్ద సూత్రం ఒకటే: కింది పొరలో నూనె తక్కువ, పై పొరలో ఎక్కువ. తిరగేస్తే పైన ముందే ఆరి, అడుగున ఇంకా కదులుతుంటే, బొమ్మ వేసవిలో నల్లరేగడి చేనులా నెర్రెలిస్తుంది.

మొదలుపెట్టడానికి పెద్ద పెట్టె కొనకండి. తెలుపు, పసుపు, ఎరుపు, నీలం, ముదురు గోధుమ, ఈ ఐదు రంగులు, మూడు కుంచెలు, పూత వేసిన చిన్న కాన్వాస్ బోర్డు చాలు. విద్యార్థుల రకం రంగులే తీసుకోండి. మొదటి బొమ్మకు దేవుణ్ణో, మనిషి ముఖాన్నో పెట్టుకోవద్దు. కిటికీ దగ్గర ఒక టమాటా పెట్టి, వెలుగు ఏ వైపు పడుతోంది, నీడ ఎంత దూరం వెళ్తోంది అని చూడండి.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. టర్పెంటైన్ వాడితే కిటికీలు తెరిచి ఉంచండి, చిన్నపిల్లలకు అందకుండా పెట్టండి. రంగు అంటిన చేతులతో తినవద్దు. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న డబ్బాలో వేయండి. పత్తి మిల్లుల ఊళ్లో నిప్పు సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు.

“ఈ వయసులో మాకేం బొమ్మలు మేడమ్” అంటారని తెలుసు. విన్సెంట్ వాన్ గో కొంతకాలం నాలాగే బడిలో పాఠాలు చెప్పాడు. పుస్తకాల షాపులో పనిచేశాడు, మత ప్రచారం చేశాడు. చిత్రకారుడు కావాలని 1880లో నిశ్చయించుకునే నాటికి ఆయనకు 27 ఏళ్లు. రవీంద్రనాథ్ టాగూర్ అరవై దాటాకే బొమ్మల్లోకి గట్టిగా దిగారు. ఆయన వాడినవి ఎక్కువగా సిరాలు. 1930లో పారిస్‌లో ప్రదర్శన పెట్టేసరికి దాదాపు 69 ఏళ్లు. మన పూజగదుల్లో లక్ష్మీ సరస్వతుల పటాలకు రూపం ఇచ్చిన రాజా రవివర్మ కథ ఇంకా దగ్గరిది. 1868లో తిరువనంతపురం వచ్చిన థియోడర్ జెన్సన్ అనే చిత్రకారుడు ఆయనకు ఆయిల్ పెయింటింగ్ నేర్పడానికి ఒప్పుకోలేదట. తాను వేస్తుంటే చూడటానికి మాత్రం అనుమతించాడట. ఇరవై ఏళ్ల రవివర్మ చూస్తూ నేర్చుకున్నాడు.

ఈ పేర్లు చెప్పింది మీరూ అంతటివాళ్లు అవుతారని ఆశపెట్టడానికి కాదు. బహుశా అవ్వరు, నేనూ అవ్వను. అవ్వకపోయినా నేర్చుకోవచ్చు అన్న మాటే మన ఇళ్లలో కరువైంది. ర్యాంకు వస్తుందంటేనే కోచింగ్, ప్రైజు వస్తుందంటేనే పోటీ. డ్రాయింగ్ బాగా వేసే పిల్ల ఎనిమిదో తరగతికి వచ్చేసరికి “ఇక చాలు, చదువుకో” అన్న మాట వింటుంది. ఆ మాట అనే తల్లుల్లో కొందరు తమ పెళ్లికి ముందు వేసిన ముగ్గుల పుస్తకాలు, ఎంబ్రాయిడరీ డిజైన్లు బీరువాలో ఇంకా దాచుకున్నవాళ్లే.

టైం లేదన్న మాట నిజం. సీజన్‌లో మార్కెట్ యార్డు పని, మగ్గం పని, షాపు పని ఆగవు. అందుకే వారానికి ఒక్క గంట అడుగుతున్నాను. ఖర్చు కూడా వద్దనుకుంటే పెన్సిలు, కాగితంతో మొదలుపెట్టండి. పెయింటింగ్ అసలే పడకపోతే హార్మోనియం పట్టండి, ఈత నేర్చుకోండి. మీకు రానిది కావాలి, పిల్లల కళ్లముందు జరగాలి. ఇవి రెండూ ఉంటే చాలు.

ఇంట్లో మూడు నియమాలు పెట్టుకోండి. ఒకటి, మీ బొమ్మను పిల్లల బొమ్మతో పోల్చకండి. రెండు, బాగా రాలేదని చింపేయకండి. పోగు తెగితే నేతగాడు ముడి వేసి ముందుకు వెళ్తాడు, పడుగంతా పారేయడు. మూడు, వారానికొకసారి మీ పిల్లల్నే అడగండి, “ఇక్కడ ఏం చేస్తే బాగుంటుంది?” అని. వాళ్లు చెప్పింది ఒక్కటైనా చేసి చూపించండి.

మా స్కూలు యాజమాన్యానికి కూడా ఒక విన్నపం. 2020 జాతీయ విద్యా విధానం చదువుకూ కళలకూ మధ్య గట్టి గోడలు ఉండకూడదని చెప్పింది. మన రాష్ట్రంలో ప్రభుత్వం నిర్వహించే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలు కూడా ఉన్నాయి. హైస్కూలు తరగతులకు వారంలో ఒక్క డ్రాయింగ్ పీరియడ్ అయినా నిలిపితే, యూనిట్ టెస్టుల ముందు వారం కూడా దాన్ని స్టడీ అవర్‌గా మార్చకుండా ఉంచితే, ఆ నలభై నిమిషాల వల్ల మార్కులు పడిపోవని నా నమ్మకం.

వచ్చే పేరెంట్స్ మీటింగ్‌కు మీ పిల్లల ప్రోగ్రెస్ కార్డుతోపాటు మీరు వేసిన బొమ్మ కూడా తీసుకురండి. సగంలో ఉన్నా పర్వాలేదు. తడి ఆరకపోతే ముందు రోజే చెప్పండి, ఇంగ్లీషు రూములో కిటికీ పక్కన చోటు ఉంచుతాను. ప్రైజులు ఉండవు. మీ బొమ్మ గురించి నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో చెప్పే పని మాత్రం మీ పిల్లలది.