తొడ ఎముక 'మెడ' పొడుగైతే ముప్పేనా? విశాఖ పెద్దలు తెలుసుకోవాల్సిన విషయాలివే..

విశాఖపట్నం: బాత్రూంలో కాలు జారింది.. పక్కకు పడ్డారు.. తుంటి విరిగింది. అరవై దాటినవాళ్లున్న ఇళ్లలో తరచూ వినిపించే మాటే ఇది. అయితే ఒకేలా పడినా ఒకరు లేచి నడుస్తారు.. మరొకరు మంచం పడతారు. ఎందుకిలా? ఎముక బలం ఒక కారణం. ఎముక ఆకారం మరో కారణం.

మెడే కీలకం

తొడ ఎముక పైన బంతిలాంటి తల ఉంటుంది. దాన్ని కింది కాండంతో కలిపేది సన్నని మెడ. కటి లోపలి అంచు నుంచి, తొడ పక్కన చేతికి తగిలే ఎముక గడ్డ దాకా మెడ వెంబడి ఉండే పొడవే 'హిప్ యాక్సిస్ లెంగ్త్'. ఈ పొడవు ఒక స్టాండర్డ్ డీవియేషన్ పెరిగితే తుంటి విరిగే ముప్పు దాదాపు రెట్టింపవుతుందని 1993లో అమెరికాలో వృద్ధ మహిళలపై జరిగిన అధ్యయనం తేల్చింది. ఎముక సాంద్రతను లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు.

మనకు ఊరటేనా?

తెల్లజాతి మహిళలతో పోలిస్తే ఆసియా మూలాలున్న మహిళల్లో ఈ పొడవు తక్కువని అమెరికా అధ్యయనాలు చెప్పాయి. అలాగని ధీమా పడటానికి లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2005లో ప్రచురించిన అధ్యయనంలో, 30-60 ఏళ్ల పేద మహిళల్లో దాదాపు 29 శాతం మందికి తొడ ఎముక మెడ దగ్గర ఆస్టియోపోరోసిస్ కనిపించింది. ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలోనూ విటమిన్ డి లోపం ఎక్కువేనని స్విమ్స్ వైద్యుల పరిశోధనల్లో తేలింది. అంటే ఆకారం కలిసొచ్చినా, బలం దగ్గర దెబ్బతింటున్నాం.

విశాఖకు ఎందుకు ముఖ్యం?

స్టీల్‌ప్లాంట్ జాతికి అంకితమైంది 1992లో. అప్పటికే ఉద్యోగంలో ఉన్న తరం ఇప్పుడు రిటైరైంది, లేదా ఆ అంచున ఉంది. ఊరిది ఉక్కు పేరే కానీ ఎముకలు ఉక్కు కావు కదా!

ఏం చేయాలి?

ఎముక ఆకారాన్ని మార్చలేం. కానీ సాంద్రత కోసం తీసే డెక్సా స్కాన్‌లోనే ఈ పొడవునూ కొలవొచ్చు. అయితే ఆ ఒక్క కొలత చూసి మందులు మొదలుపెట్టకూడదన్నది అంతర్జాతీయ నిపుణుల మాట. సాంద్రత, వయసు, గతంలో విరిగిన ఎముకలు.. అన్నీ కలిపి చూడాల్సిందే.

మన చేతిలో ఉన్నవి వేరే ఉన్నాయి. తడి టైల్స్ మీద జారని మ్యాట్, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ, రాత్రి చిన్న లైటు, కంటి శుక్లాలకు ఆపరేషన్, కళ్లు తిరిగేలా చేసే మాత్రలపై డాక్టర్ సలహా. ఇవేవీ పెద్ద ఖర్చుతో కూడినవి కావు.

ఒకవేళ పడి, కాలు కదపలేకపోతే కట్లు, పసర్లతో కాలయాపన వద్దు. ఆపరేషన్ అదే రోజు, లేదంటే మర్నాడే చేయాలని బ్రిటన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మంచంలో గడిచే ప్రతి రోజూ న్యుమోనియా, పుండ్లు, రక్తం గడ్డకట్టే ముప్పు పెంచేదే. విరిగాక పరుగెత్తడం కంటే, విరగకముందే ఓసారి పరీక్ష చేయించుకోవడం మేలు.