ఏ వాక్యం చూసి రాశావు?

కొబ్బరిచెట్టును గురించి వ్యాసం రాయమంటే, ఆ చెట్టుకు ఒక ఆవును కట్టి, తక్కినదంతా ఆవును గురించే రాసిన కుర్రవాడి కథ మీకు తెలిసిందే. అతన్ని చూసి నవ్వుతాం గాని, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల్లో అతని వారసులకు లోటు లేదు. వాచకంలో పాఠం చివర ‘అవగాహన - ప్రతిస్పందన’ అని ఒక శీర్షిక వుంటుంది. ఒక పేరా ఇచ్చి, చదివి జవాబులు రాయమంటారు. మనవాళ్ళు అవగాహనను గట్టునే వదిలి ప్రతిస్పందనలోకి దూకుతారు!

మా పెంటపాడులో సెలవురోజుల్లో ఇరుగుపొరుగు పిల్లలు పుస్తకాలు పట్టుకొని మా అరుగు మీదికి వస్తారు. వాళ్ళలో కొందరికి కొల్లేటి లంకల్లో చుట్టాలున్నారు. అందుకని మొన్న నేనే ఒక పేరా రాసి ఇచ్చాను:

“కొల్లేరు మంచినీటి సరస్సు. బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరుల నీరు అందులో చేరుతుంది. ఆ నీరు సముద్రానికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 1999లో సరస్సును అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది రామ్‌సార్ ఒప్పందపు చిత్తడినేలల జాబితాలో చేరింది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లు తెగగొట్టించారు. వాటి మీద బతికేవారికి జీవనాధారం పోయింది.”

గట్లు తెగగొట్టడం సబబేనా? అని ప్రశ్న.

ఒక అమ్మాయి ఇలా రాసింది: “సబబే. కొల్లేరు చాలా అందమైనది. పక్షులు మన నేస్తాలు. ప్రకృతిని కాపాడుకోవాలి.” అన్నీ మంచిమాటలే. కాని నేనిచ్చిన పేరాలో పక్షి ఊసే లేదు! ఒక అబ్బాయి, “సబబు కాదు. మా మామయ్య చెరువు పోయింది” అని రాసి కూర్చున్నాడు.

“మామయ్య మాట అబద్ధమనను బాబూ. ఆయన్ని ఎరగనివాడు నీ జవాబు చదివితే ఎలా నమ్ముతాడు? పేరాలో ఆనవాలు ఎక్కడుందో వేలుపెట్టి చూపించు” అన్నాను. చివరి వాక్యం మీద వేలు పెట్టాడు. “అది జరిగిన నష్టం. గట్లు తెగగొట్టడం తప్పని దానివల్ల ఎలా తేలింది?” అని అడిగాను. కాసేపు ఆలోచించి ఇలా రాశాడు: “సబబు కాదు. జీవనాధారం పోయిందని పేరాలో వుంది. వేరే బతుకు చూపించారని ఎక్కడా లేదు. ముందు అది చూపించి తరువాత గట్లు తియ్యవలసింది.”

అమ్మాయి వూరుకుంటుందా? తన జవాబు కొట్టేసి మళ్ళీ రాసింది: “సబబే. నీరు పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి అని వుంది. సరస్సు నిండా గట్లు వుంటే వచ్చిన నీరు నిలవడానికి చోటు తగ్గి వూళ్ళ మీదికి వస్తుంది.”

ఇద్దరికీ పూర్తి మార్కులు వేశాను. “అదేమిటి మాస్టారూ, ఎవరో ఒకరిదేగా రైటు?” అన్నారు. నేను మార్కులు వేసింది పక్షానికి కాదు. మాట చెప్పి, ఆధారం చూపి, ఆ రెంటికీ ముడి వేసినందుకు. మన పిల్లలు మొదటిది దండిగా రాస్తారు. రెండోది అడిగితే పేరాలోని వాక్యాలు మూడు ఎత్తి రాస్తారు. మూడోది ఎవరూ నేర్పకపోతే రాదు. గైడులో ఆ ముడి వేరొకరు వేసి ఇస్తారు గనక, దాన్ని బట్టీపట్టినవాడికి వేళ్ళు తిరగవు.

ఇదేమీ కొత్తగా దిగుమతి అయిన విద్య కాదు. మన లాక్షణికులు లక్షణం చెప్పి వూరుకోలేదు. పూర్వకవుల ప్రయోగాన్ని లక్ష్యంగా చూపారు. గిడుగు రామమూర్తి పంతులుగారు వాడుకభాష కోసం వాదించినప్పుడూ గ్రంథాలు తిరగేసి ప్రయోగాలు ఏరి ముందు పెట్టారు.

ఆ అబ్బాయి, అమ్మాయి రేపు పెద్దవాళ్ళయి కొల్లేటి సంగతే ఒక సభలో మాట్లాడుకోవచ్చు. అక్కడ గొంతు పెద్దదైనవాడిదే గెలుపు కాకూడదంటే, కాగితం చదివి “ఈ మాట ఇక్కడుంది, దీని అర్థం ఇది” అనగలగాలి. ఎదుటివాడు చూపిన వాక్యాన్ని కూడా ఒకసారి చదవగలగాలి.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. పిల్లలు జవాబు చదివి వినిపిస్తే వెంటనే బాగుందనకండి, తప్పులు దిద్దకండి. “ఏ వాక్యం చూసి రాశావు?” అని అడగండి. చూపిస్తే, “దానివల్ల ఇది ఎలా తేలింది?” అని మరొకటి అడగండి. ఈ రెండు ప్రశ్నలకు మీరు తెలుగు ఎమ్మే కానక్కరలేదు.