నిమ్కీ నవ్వొచ్చిందా?

మా ఊరు సంగం. పెన్న ఒడ్డు. మేం "వస్తుండా", "పోతుండా" అని నెల్లూరు తెలుగే మాట్లాడతాం. ఇంట్లో అమ్మతో ఉర్దూ. మాలోనే దూదేకులోళ్ళ ఇళ్ళల్లో అదీ లేదు, పొయ్యికాడా తెలుగే, దువాలోనూ తెలుగే. సంగం ఆనకట్ట కింది మళ్ళల్లో నాట్లేసిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి.

అయినా తెలుగు సినిమా కామెడీలో సాయిబు నోరు తెరిస్తే "నమ్కీ", "నిమ్కీ" తప్ప మాట రాదు. గళ్ళ లుంగీ, మెళ్ళో తాయెత్తు, కళ్ళకు సుర్మా, నెత్తిన టోపీ. ఇవన్నీ తగిలించాక హాస్యం రాయాల్సిన పని రచయితకు లేదు. నోరు తిరక్కపోవడమే జోకు. హాలంతా నవ్వుతుంది. ఆ హాల్లో మేమూ ఉంటాం. మేమూ నవ్వుతాం. నవ్వకపోతే పక్కవాడు అదోలా చూస్తాడు కదా!

మర్నాడు బళ్ళో మా పిల్లోడి పేరు 'నిమ్కీ' అవుతుంది. వేమన పద్యాలు తప్పుల్లేకుండా అప్పజెప్పే పిల్లోడు! ఇంటికొచ్చి, "అమ్మా, బడికాడ నాతో ఉర్దూ మాట్లాడబాక" అంటాడు. మీ నవ్వుకు మేం కొంటున్న టిక్కెట్టు ఇది.

"సరదాకేగా!" అంటారు. బొంబాయి నించి వచ్చిన హీరోయిన్ తెలుగు పలకలేకపోతే ముద్దుగా ఉందంటారు. మా ముసలి అబ్బాకు నాలుక తడబడితే పగలబడి నవ్వుతారు. తప్పు ఒకటే. మరి నవ్వు ఎందుకు మారింది?

ఈ సంగతి మా ఒక్కళ్ళదే కాదు. 1977లో ఇంగ్లండు టీవీలో 'మైండ్ యువర్ లాంగ్వేజ్' వచ్చింది. ఇంగ్లీషు నేర్చుకోవడానికొచ్చిన పరదేశీలే అందులో నవ్వులాట. పాకిస్తానీ సాయిబూ ఉన్నాడు, సర్దార్జీ కూడా ఉన్నాడు. 1971లో అమెరికాలో నార్మన్ లియర్ 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' తీశాడు. నల్లవాళ్ళను ఈసడించే ఆర్చీ బంకర్‌ను నవ్వులపాలు చెయ్యాలనే తీశాడు. తీరా 1974లో విడ్మార్, రోకీచ్ పరిశోధించి చూస్తే, ద్వేషం ఎక్కువున్న ప్రేక్షకులు ఆర్చీనే మెచ్చుకున్నారని తేలింది. మంచి ఉద్దేశంతో తీసిన హాస్యమే అటు తిరిగితే, ఏ ఉద్దేశమూ లేని మన హాస్యం సంగతేంటి?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆర్చీ పక్కింట్లో జెఫర్సన్ అనే నల్లవాడున్నాడు. మాటకు మాట అప్పజెప్పేవాడు. 1975లో అతని కుటుంబానికే వేరే సీరియల్ వచ్చింది. మన సాయిబుకు అట్టా ఎదురు మాట్లాడే డైలాగు ఎవరిచ్చారు?

చెయ్యాలనుకుంటే కుదరదా? 1986లో దూరదర్శన్‌లో 'నుక్కడ్' వచ్చింది. అందులో ఖాదర్ భాయ్ హోటలుంది. అతను అందరితోపాటు నవ్వాడు, అందరితోపాటు ఏడ్చాడు. 2001లో మొదలైన 'అమృతం' మన ఇంటింటి నవ్వు. మేమూ పడీపడీ నవ్వినాం. జరిగేదేమో హైదరాబాదులో, నడిపేదేమో హోటలు. ఆ నలుగురు ముఖ్యుల్లో ఒక్క సాయిబూ లేడు! ఉంటే వెక్కిరింపు, లేకపోతే మాయం. నడుమ మాకు చోటెక్కడ?

మాకు నవ్వు రాదనుకోబాకండి. నెల్లూరు జిల్లా నించే మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' రాశాడు. 1999లో పుస్తకంగా వచ్చింది. అందులోనూ నవ్వుంది. ఆ నవ్వు మా ఇంటి లోపల్నించి వచ్చింది, మా గోడెక్కి తొంగిచూసి నవ్వింది కాదు.

మా తప్పూ చెప్పుకోవాలి. ఉర్దూ రాని దూదేకులోడిని చూసి మాలోనే కొందరు నవ్వుతారు. ఆ నవ్వూ ఈ నవ్వూ ఒక గూటి పక్షులే. అది ఆపకుండా ఇది ఆపమనే హక్కు మాకు లేదు.

"మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అని మెచ్చుకునే స్నేహితులారా, పెన్న నీళ్ళు తాగినోళ్ళు పెన్న ఒడ్డు మాట మాట్లాడితే వింతేముంది? మమ్మల్ని చూసి నవ్వింది చాలు. పక్కన కూర్చోండి. కలిసి నవ్వుదాం.