పెరటి చెట్టుకు పరీక్ష

పెరటి చెట్టు మందుకు పనికిరాదని తెలుగువారి సామెత. బిళ్ళగన్నేరు ఆ సామెతను తారుమారు చేసినది. మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములలో ఎవరును నీరు పోయకయే పెరుగు మొక్క అది. దాని ఆకునుండి తీసిన విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను ద్రవ్యములు నేడు లోకమంతటను కాన్సరు చికిత్సలో వాడబడుచున్నవి. కనుక ఫలానా మూలిక కాన్సరు కణములను చంపినదని వార్త రాగానే జనులు ఆశపడుట సహజము. అట్టి వార్తకు విలువ ఎంత? విద్యార్థులును, వారికి బోధించు ఉపాధ్యాయులును విచారింపదగిన విషయమిది.

బిళ్ళగన్నేరు కథయే ఇందుకు మంచి పాఠము. జమైకా ద్వీపములో ఈ ఆకు కషాయమును మధుమేహమునకు త్రాగుచుండిరి. 1952లో ఆ ఆకులు కెనడా చేరినవి. అచ్చట రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ అను శాస్త్రజ్ఞులు దాని సారమును ఎలుకలపై పరీక్షించిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. తెల్లకణములు మాత్రము పడిపోయినవి. ఈ గుణము రక్తకాన్సరుకు పనికివచ్చునేమో యని తలచి వారు పట్టు విడువక శోధించి, 1958 నాటికి విన్‌బ్లాస్టిన్‌ను వేరుచేసి ప్రకటించిరి. 1963లో విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో అనుమతి లభించినది. లోకులు చెప్పిన గుణము ఆ పరీక్షలో నిలువలేదు. ఎవరును చెప్పని గుణము బయటపడినది.

నేటి ప్రయోగశాలలలో తొలి పరీక్ష సామాన్యముగా ఇట్లుండును. మొక్కను ఎండబెట్టి, పొడిచేసి, మద్యసారము వంటి ద్రవములో నానబెట్టి సారము తీయుదురు. పళ్ళెములలో పెంచిన కాన్సరు కణములపై దానిని వేర్వేరు మోతాదులలో వేయుదురు. పిమ్మట పసుపుపచ్చని రంగుద్రవ్యమొకటి కలుపుదురు. బ్రతికియున్న కణములు దానిని ఊదారంగుగా మార్చును, చచ్చినవి మార్చజాలవు. ఆ రంగునుబట్టి, సగము కణములను అణచుటకు ఎంత సారము కావలెనో లెక్కింతురు.

ఇది మొదటి మెట్టు మాత్రమే. ఉప్పు ఎక్కువైనను పళ్ళెములోని కణము చచ్చును. ఆరోగ్యవంతమైన కణము మిగులునా, మ్రింగిన సారము రక్తములో చేరునా, మనిషికి విషమగునా అను ప్రశ్నలకు ఆ పళ్ళెము బదులు చెప్పదు. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు దాదాపు 500 కిలోల ఎండుటాకు కావలెను. వైద్యులు కొలిచి నరమునకెక్కించు తీవ్రమైన మందు అది. ఆకులు నమలినవారికి ఆ మోతాదు అందదు; ఆకులోని విషము మాత్రము అందవచ్చును.

మనుష్యులపై జరిగిన ఒక్క పరీక్షయు చాలదు. కామెర్లకు వాడు నేలఉసిరిని, కాలేయ కాన్సరుకు దారితీయు హెపటైటిస్-బి వైరసు మోయువారిపై మద్రాసులో పరీక్షించిరి. 1988లో ఫలితములు వెలువడినవి. మందు పుచ్చుకొనిన 37 మందిలో 22 మందికి రక్తములో వైరసు గుర్తు మాయమైనది. ఉత్తమాత్ర పుచ్చుకొనిన 23 మందిలో ఒక్కరికే అట్లు జరిగినది. కాని ఇతర దేశములలో పిమ్మట జరిగిన పరీక్షలలో అట్టి ఫలితము మరల కనబడలేదు.

ఇట్టి ఓర్పు ఈ సీమకు క్రొత్త కాదు. మదనపల్లె చెంత ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయము 1915లో ప్రారంభమైనది. 1950లో మొదలిడి అచ్చటి వైద్యులు బి.సి.జి. టీకా వేసినవారిని, వేయనివారిని పోల్చుచు ఏండ్ల తరబడి గమనించిరి. కుప్పములో 1997లో స్థాపితమైన ద్రావిడ విశ్వవిద్యాలయమున్నది; వైద్యకళాశాలయు కలదు. యానాదులు, సుగాలీలు ఎరిగిన మూలికాజ్ఞానము వృద్ధులతోనే అంతరింపకముందే వ్రాసియుంచవలెను, పరీక్షింపవలెను. లాభము కలిగినచో అందు వారికిని పాలు ఉండవలెనని 2002 నాటి జీవవైవిధ్య చట్టము ఆశయము.

అంతవరకు, తొలిదశలో కుదురు కాన్సరును వైద్యశాలకు చూపక మూలికకై తిరిగిన నెలలు రోగికి మరల రావు. ఇకమీదట అట్టి వార్త తరగతిలో చదివినప్పుడు విద్యార్థులు మూడు ప్రశ్నలు అడుగవలెను: పరీక్ష పళ్ళెములోనా, మనుష్యులలోనా? ఆరోగ్యకణములకేమైనది? మరియొకచోట అదే ఫలితము వచ్చినదా?